చేప చూచు రంగు

బాలలారా! గోదావరి గట్టున గాని, ఊరి చెరువు గట్టున గాని గాలము వేసి కూర్చున్నవానిని మీరు చూచియే యుందురు. వానియొద్ద నుండు సామగ్రి బహు స్వల్పము. వెదురు కర్ర యొకటి, కొంత దారము, దాని కొనను కొక్కెము, కొక్కెమునకు గ్రుచ్చిన వానపాము, దారమును ముంచుటకు చిన్న సీసపు గుండు, చేప తగిలిన జాడ తెలియుటకు పైన తేలు బెండు. ఇంతే. ఆ గుండునకు రంగు వేయవలెనను తలంపు వానికి కలుగదు. చేప వచ్చునది వానపాము కొరకు గాని గుండు కొరకు కాదు గదా!

అయితే గుండునే ఎరగా చేసి, దానికి రంగులద్ది, ఏ నీటికి ఏ రంగు తగునని గంటల తరబడి చర్చించువారును లోకమున కలరు. అట్టివారి నడుమ నేనొక చలికాలము గడపితిని.

2022వ సంవత్సరము నవంబరు మాసమున నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు పోయి, అచ్చట నివసించు నా కుమార్తె యింట ఆరు మాసములుంటిని. ఆమె యిల్లు డులూత్ పట్టణమునకు చేరువ నున్నది. ఆ పట్టణము సుపీరియరు సరస్సు నొడ్డున వెలసినది. వైశాల్యమును బట్టి చూచినచో ప్రపంచమందలి మంచినీటి సరస్సులలో నిదియే పెద్దది. ఇది గాక ఆ రాష్ట్రములో పదియెకరములు గాని, అంతకు మించి గాని విస్తరించిన సరస్సులు 11,842 కలవని ప్రభుత్వపు లెక్క. శీతకాలమున వీనిపై మంచు గడ్డకట్టును. మంచు కనీసము 4 అంగుళముల మందము పేరినపిమ్మట గాని దానిపై నడువరాదని అధికారులు హెచ్చరింతురు. అంతట జనులు పీటలు, సన్న కర్రలు చేతబట్టుకొని సరస్సు నడుమకు నడచిపోయి, మంచునకు గుండ్రని రంధ్రము తొలిచి, ఆ రంధ్రములో గాలము దింపి కూర్చుందురు. నీటిమీద పీట వేసికొని కూర్చున్న మనుష్యులను మొదటిసారి చూచినప్పుడు నేను కొంతసేపు నోట మాట లేక నిలిచిపోతిని.

మా పొరుగింట నొక వృద్ధుడుండెను. చిరకాలము రైలుశాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. కారు నిలుపుకొను కొట్టములో నొక మూల బల్ల వేసికొని, సాయంకాలములందు గాలపు గుండ్లు తయారుచేయుట ఆయన వ్యసనము. పదియేండ్ల నా మనుమడు బడినుండి వచ్చిన వెంటనే అచ్చటికి పరుగెత్తెడివాడు. వానిని వెదకుటకై వెళ్లిన నేనును క్రమముగా ఆ బల్లయొద్ద నొక కుర్చీకి హక్కుదారుడనైతిని.

వారు చేయు వస్తువును ఆ దేశమువారు ‘జిగ్’ అందురు. కొక్కెపు మెడకు సీసపు గుండును పోతపోసి అతికించినదే జిగ్గు. మన గుండు దారముపై వేరుగా నుండును. జిగ్గులో గుండును కొక్కెమును ఒకే వస్తువు. దానికి పక్షి యీకలో, రబ్బరు తోకయో కట్టి నీటిలో దింపి, కర్రను మెల్లగా ఎగురవేయుచుందురు. అప్పుడది గాయపడిన చిన్నచేప గంతులు వేయునట్లు కదలును. పెద్దచేప దానిని జూచి మ్రింగవచ్చును. కావున గుండు ఇచ్చట బరువు మాత్రమే కాదు. అది చేపపిల్ల తల. దానికి రంగు కావలెను, కొందరు కన్నులు గూడ చిత్రింతురు.

ఆ రంగు వేయు విధము నాకు మిక్కిలి వింతగా తోచినది. కుంచె లేదు, నూనె లేదు, నీరు లేదు. రంగు మెత్తని పొడిరూపమున నుండును. పిండివలె నుండునని చెప్పవచ్చును. నిజమునకది రంగుద్రవ్యము కలిపిన రెజిను పొడి. గుండును పట్టకారుతో పట్టుకొని కొన్ని సెకనులు మంటపై త్రిప్పి, ఆ పొడిలో నొక్కమారు ముంచి తీసినచో, వేడికి పొడి కరగి గుండు చుట్టును నిగనిగలాడు పొరయై అంటుకొనును. పొడి గిన్నెలో ముద్దగట్టి యుండినచో పూత దళసరియగును. అందుచేత ఆ వృద్ధుడు గిన్నె అడుగున సన్నని రంధ్రములు గల కాగితము నమర్చి, చేపల తొట్టెలకు గాలి నందించు చిన్న పంపుతో క్రిందినుండి గాలి పంపెడివాడు. అప్పుడు పొడి ఉడుకుచున్న గంజివలె కదలాడుచు, గుండు దిగగానే దారి యిచ్చెడిది. గాలితో పొడిని ద్రవమువలె చేయు నీ ఉపాయము 1950 తరువాతి సంవత్సరములలో జర్మనీ దేశమున ఎర్విన్ గెమ్మరు అను నాతడు కర్మాగారముల కొరకు కనిపెట్టినది. ఈనాడు మన యిండ్లలోని శీతల యంత్రములకు, ఇనుప కిటికీలకు వేయు పూతలలో పెక్కు ఇట్టి పొడి పూతలే.

పొడి కరగినంత మాత్రమున పని ముగియదు. కొక్కెపు చెవిలో రంగు గట్టిపడకముందే సూదితో తొలగింపవలెను. తరువాత గుండ్లను వరుసగా తీగకు వ్రేలాడదీసి, సుమారు 177 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో పావుగంట మొదలు ఇరువది నిమిషములవరకు కాల్పవలెను. ఆ వేడిలో పొర లోలోపల బిగిసి, రాతికి తగిలినను పెచ్చులూడని గట్టిదన మలవడును. గుండును మొదట మితిమీరి వేడిచేసినచో తెలుపు పసుపు వన్నెకు దిగును, లేత రంగులు మాడును. వేడి చాలనిచో పొడి అంటదు. ఎంత వేడి కావలయునో పుస్తకము చెప్పలేదు, చేయి నేర్చుకొనవలెను. మనుమడు మొదటి దినమున మాడ్చిన గుండ్లను ఆ వృద్ధుడు ఒక సీసాలో వేసి, “ఇవి నీ బడి జీతము” అని నవ్వెను.

ఇక రంగుల మాట. గోడవెంబడి అలమరలో చిన్న చిన్న సీసాలు నలువదికి తక్కువ లేవు. తెలుపు, నలుపు, ఎరుపు, నారింజ, బంగారు, నీలము, ఊదా మొదలైనవన్నియు నున్నవి. అన్నిటిలో ఎక్కువ ఖర్చగు రంగు పసుపును ఆకుపచ్చయు కలసిన యొక తీవ్రమైన వన్నె. లేత నిమ్మకాయ యెండలో మెరసినట్లుండును. దానిని వారు ‘చార్‌ట్రూస్’ అందురు. ఫ్రాన్సు దేశములో ఆ పేరుగల క్రైస్తవ మఠమునందలి సన్యాసులు మూలికలతో చేయు పానీయపు రంగునుబట్టి ఆ పేరు వచ్చినది. సన్యాసుల పానీయమెక్కడ, చేపల గాలమెక్కడ! మాటలు చేయు ప్రయాణములు మనుష్యులు చేయు ప్రయాణములకన్న చిత్రములు. మన సౌలభ్యమునకు దీనిని నిమ్మపచ్చ యందము.

నా మనుమడు ఆ సీసాలన్నిటిలో ఎరుపునే ఎంచుకొనెను. అదియు లేత ఎరుపు కాదు, పండు మిరపకాయ ఎరుపు. వాడు చేసిన పండ్రెండు గుండ్లను తెల్లని గుడ్డపై పరచినప్పుడు గురివింద గింజలవలె అందముగా నుండెను. వృద్ధుడు వానిని చూచి ఔనన లేదు, కాదన లేదు. “శనివారమునాడు వీనిని చేపలకే చూపింతము” అని మాత్రము పలికెను.

ఆ శనివారము మేము ముగ్గురము ఊరికి దూరముగా నున్న యొక సరస్సునకు పోతిమి. నీరు బహు నిర్మలము. వృద్ధుడు మంచుపై నున్న హిమమును పారతో నూడ్చి వెలుతురునకు దారిచేసి, రెండు రంధ్రములు తొలిచెను. ఒకదానిలో పొడవైన తీగకు కట్టిన చిన్న కెమేరాను దింపి, దాని దీపము నార్పివేసి, పైన నొక చిన్న తెరను మా యెదుట నుంచెను. రెండవ రంధ్రములో మనుమడు తన యెర్ర గుండును విడిచెను. మంచు క్రిందనే అది నిప్పుకణికవలె కనబడెను. దారము వదలినకొలది తెరపై దాని వన్నె మారజొచ్చెను. ఎరుపు ముదిరి కుంకుమపువ్వు వాడినట్లయ్యెను, పిదప కావిరంగు, 30 అడుగుల లోతునకు చేరునప్పటికి అది యొక నల్లని చుక్క మాత్రమే. మనుమడు తెరను గుడ్డతో తుడిచి మరల చూచెను. చుక్క నల్లగనే యుండెను.

“తాతగారూ, నా రంగు కరగిపోయినది!” అని వాడు కన్నీరు పెట్టుకొనెను. దారము పైకి లాగిచూడగా గుండు మునుపటివలెనే ఎర్రగా మిలమిలలాడుచుండెను. రంగు ఎక్కడికిని పోలేదు. పోయినది వెలుతురు.

ఈ సంగతి మీరు కొంచెము నెమ్మదిగా గ్రహింపవలెను. వస్తువునకు రంగు తనంత తాను లేదు. సూర్యకాంతిలో ఎరుపు మొదలు ఊదావరకు గల కిరణములన్నియు కలసియున్నవి. ఎర్ర వస్తువు తక్కిన కిరణములను మ్రింగి, ఎర్ర కిరణములను మాత్రము మన కంటికి త్రిప్పి పంపును. ఆ ఎర్ర కిరణములే దానిని చేరకున్నచో అది దేనిని త్రిప్పి పంపగలదు? అప్పుడది నల్లగా కనబడక తప్పదు. నీరు మనకు రంగులేని దానివలె తోచినను, ఎర్ర కిరణములను త్వరగా మ్రింగివేయు స్వభావము కలది. మిక్కిలి స్వచ్ఛమైన నీటిలో సైతము 10 మీటర్లు దిగునప్పటికి ఎరుపు దాదాపు నశించును. తరువాత నారింజ, పసుపు తగ్గును. నీలమును ఆకుపచ్చయు లోతునకు పోవును. సముద్రములో మునుగువారు తమ వ్రేలికి గాయమైనప్పుడు నెత్తురు ఎర్రగా గాక పచ్చని నలుపుగా కనబడుటను చూచి తత్తరపడుట కలదు.

మనుమని దుఃఖము చూడలేక వృద్ధుడు తన పెట్టెనుండి నారింజ వన్నె గల వేరొక గుండు తీసి దింపెను. ఆశ్చర్యము! అది 30 అడుగుల లోతునను నారింజగనే వెలుగుచుండెను. నీరు రెండు గుండ్లకును ఒక్కటే. రెండింటికిని సమీపపు వన్నెలే. ఒకటి చచ్చినది, ఒకటి బ్రతికినది. ఏల? రెండవది ప్రతిదీప్తి గల రంగు. ఇట్టి రంగులు అతినీలలోహిత, నీల, హరిత కిరణములను గ్రహించి, వానిని నారింజగనో పసుపుగనో మార్చి వెలువరించును. లోతున నారింజ కిరణములు లేకున్నను, అక్కడ మిగిలిన నీలపు వెలుతురుతోనే ఇవి తమ రంగును తాము సృష్టించుకొనును. 1852లో జార్జి స్టోక్సు అను శాస్త్రజ్ఞుడు ఈ ధర్మమును వివరించి దానికి పేరు పెట్టెను. ప్రతిదీప్తి రంగును సీసముమీద నేరుగా వేసినచో ఆ బూడిద వన్నె క్రిందినుండి చొచ్చి తేజస్సును చంపును. అందుచే ముందుగా తెల్లని పూత వేసి, దానిపై నీ రంగు నద్దవలెను. పెరట్లో ఎండకు విడిచినచో ఇది వెలసిపోవునని గూడ ఆ వృద్ధుడు చెప్పెను.

మీలో చురుకైనవా డెవడైన నిట్లడుగవచ్చును: “రంగు అచ్చటికి చేరినదనుకొందము. చేపకు రంగు తెలియునా?” మంచి ప్రశ్న. నూరేండ్లకు పూర్వము దీనిపై పెద్ద వివాదమే చెలరేగినది. మ్యూనిచ్ నగరమున కార్ల్ ఫాన్ హెస్ అను ప్రసిద్ధ నేత్రవైద్యుడు, చేపలకు రంగు లేదు, వెలుగునీడలే కలవని వాదించెను. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను యువకుడు 1910 తరువాతి యేండ్లలో దానిని పరీక్షకు పెట్టెను. అతడు చిన్నచేపలకు ఒక రంగు కాగితము చూపి మేత పెట్టుట అలవాటు చేసెను. పిమ్మట ఆ కాగితమును, లేతనుండి ముదురు వరకు గల అనేక బూడిదవన్నె కాగితముల నడుమ నుంచెను. చేపకు వెలుగునీడలే తెలిసినచో, సరిసమానమైన వెలుగు గల యేదో యొక బూడిద కాగితమును జూచి అది పొరబడవలెను గదా? అవి పొరబడలేదు, మేత లేకున్నను రంగు కాగితమునే వెదకికొని వచ్చెను. ఆ ఫ్రిషే తరువాత తేనెటీగల నృత్యభాషను చదివి, 1973లో నోబెలు బహుమానమున భాగము పొందెను.

అయితే అన్ని చేపలకును కన్ను ఒక్కటే కాదు. మిన్నెసోటా రాష్ట్రపు చేపగా 1965లో ఎన్నుకొనబడిన వాలై చేపను చూడుడు. మన కంటిలో రంగుల నెరుగు శంకుకణములు మూడు విధములు. దాని కంటిలో రెండే. ఒకటి నారింజ యెరుపులను, రెండవది ఆకుపచ్చను బాగుగా గ్రహించును. నీలము దానికంతగా తెలియదు. అందులకు బదులుగా ప్రకృతి దానికి కంటి వెనుక నద్దమువంటి పొర నిచ్చినది; పిల్లి కన్నువలె రాత్రివేళ దీపము పడినచో మెరయును. మసక వెలుతురులో వేటాడుటకు దానితో సమానమైనది తక్కువ. బాసు అను మరియొక చేపను గూర్చి ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. అది ఎరుపును ఆకుపచ్చను చక్కగా వేరుపరుపగలదట. కాని నిమ్మపచ్చను తెలుపునుండియు, నీలమును నలుపునుండియు గుర్తించుట దానికి కష్టము. మనుష్యులు నిమ్మపచ్చకును తెలుపునకును వేరువేరుగా వెల చెల్లించి కొని, ఏది మేలని తగవులాడుచుందురు. చేప కా రెండును ఒక్కటియే కావచ్చును!

నిర్మలమైన నీటి కథ యిది. డులూత్ వద్ద సుపీరియరులో కలియు సెయింట్ లూయిస్ నదికి పోయినచో కథ తలక్రిందగును. ఆ నది చిత్తడి నేలలనుండి, కుళ్లిన ఆకులు నాచుల నడుమనుండి ప్రవహించి వచ్చుటచే దాని నీరు పాలు కలపని తేనీటి వన్నె గలది. అందు కరగిన పదార్థములు మొట్టమొదట మ్రింగునది ఎరుపును కాదు, నీలమును. సరస్సులో లోతునకు పోగలిగిన నీలము ఇచ్చట కొన్ని అడుగులలోనే నల్లబడును. నారింజ, బంగారు, రాగి వన్నెలు నిలుచును. వాలై చేప కన్ను నారింజకు అనువైనదని చెప్పితిని గదా. అట్టి నీటికి అట్టి కన్ను తగియున్నది.

ఇది నిజమో కాదో తేల్చుకొనవలెనని నా మనుమడు పట్టుబట్టెను. ఆ రాష్ట్రమున మంచుపై నొకడు రెండు గాలములు వేయుటకు చట్టము సమ్మతించును. వాడు ఒకే అచ్చులో పోసిన, ఒకే బరువు గల రెండు గుండ్లు తీసికొని, ఒకదానికి నీలము, ఒకదానికి నారింజ పూసి, రెండు రంధ్రములలో ఒకే లోతున దింపెను. ఒక రంధ్రము క్రిందనే చేపలు ఎక్కువగా నుండవచ్చునని వృద్ధుడు గుర్తుచేయగా, అరగంట కొకమారు గుండ్లను తారుమారు చేసెను. సాయంకాలమునకు నారింజకు మూడు చేపలు, నీలమునకు ఒకటి తగిలెను. వాడు విజయము సాధించినట్లు గంతులిడెను. “నాలుగు చేపలు సాక్ష్యము చెప్పినంతనే తీర్పు వ్రాయకుము. ఇంకను పది శనివారములు రమ్ము” అని వృద్ధుడు తన నోటుపుస్తకమున తేది, ఆకాశము, నీటివన్నె, లోతు, రంగు, చేపలసంఖ్య వ్రాసికొనెను. అట్టి పుస్తకములు ఆయనయొద్ద బీరువా నిండ నున్నవి. నా ముప్పదియేండ్ల ఉపాధ్యాయవృత్తిలో విజ్ఞానశాస్త్ర పాఠమును ఇంత చక్కగా చెప్పినవారిని కొలదిమందినే చూచితిని.

నీటి వన్నె తెలిసికొనుటకు ఆయన మరియొక పనిముట్టు వాడెడివాడు. నలుపు తెలుపు భాగములుగా రంగు వేసిన గుండ్రని పళ్లెమునకు కొలతత్రాడు కట్టి నీటిలో దింపి, అది కనుమరుగైన లోతును గుర్తించెడివాడు. 1865లో ఇటలీ దేశపు ఖగోళజ్ఞుడును మతగురువు నైన ఏంజెలో సెక్కి సముద్రమున తెల్లని పళ్లెములతో చేసిన పరీక్షకు ఇది మనుమరాలు. పళ్లెము లోతున కనబడినచో నీలము, ఆకుపచ్చ, తెలుపు. తేనీటి నీటిలో నారింజ, బంగారు. మునిమాపువేళ, పైనున్న ఆకాశపు వెలుగునకు అడ్డముగా నీడవలె కనబడుటకు నలుపు. ఎటు తోచనిచో ప్రతిదీప్తి గల నిమ్మపచ్చ. ఇది ఆయన వాడుక. శాస్త్రము కొంత, అనుభవము కొంత, పట్టుదల మరికొంత అని నా అభిప్రాయము.

ఇంతవరకు రంగును గూర్చి చెప్పితిని. రంగు క్రింద నున్న సీసమును గూర్చి చెప్పలేదు. ఒకనాటి రాత్రి భోజనసమయమున నా కుమార్తె మనుమని చేతులను పట్టి చూచి, గోళ్లలోని బూడిదవన్నె మట్టి యేమని అడిగెను. వాడు గుండ్లకు ఆకురాయి పట్టి వచ్చినట్లు చెప్పెను. ఇంటిలో నప్పుడే ప్రాకుట నేర్చిన పసిపాప కలదు. నేలపై దొరికినదెల్ల నోట పెట్టుకొను వయస్సు. నా కుమార్తె ముఖము పాలిపోయెను. సీసపు ధూళి బట్టలకు, చెప్పులకు అంటి యిల్లు చేరును. అది పిల్లల మెదడునకు హానికరము. రక్తమున ఇంత సీసమున్నను భయము లేదని చెప్పదగిన పరిమాణము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు చెప్పుచున్నారు. ఆ రాత్రియే ఆమె వాని బట్టలను వేరుగా ఉతికి, నేలనంతయు తడిగుడ్డతో తుడిచి, మరునాడు పిల్లలిద్దరికిని రక్తపరీక్ష చేయించెను. ఫలితము వచ్చునంతవరకు మా యింట నెవరికిని నిదుర లేదు. ఆ పనికి వానిని నేనే ప్రతిదినము తోడ్కొనిపోయితినను బాధ నన్ను దహించెను. దైవకృపచే ప్రమాదకరమైన దేమియు కనబడలేదు.

నేను సిగ్గుతో ఆ వృద్ధునికి సంగతి తెలిపితిని. ఆయన చాలసేపు మౌనముగా నుండెను. తరువాత గోడపైనున్న యొక చిత్రమును చూపెను. నల్లని తల, ఎర్రని కన్ను, వీపుపై తెల్లని గళ్లు గల నీటిపక్షి. దానిని లూను అందురు; 1961 నుండి అది మిన్నెసోటా రాష్ట్రపక్షి. కోడివలెనే అదియు తన కందనకాయలో ఆహారము నూరుటకు చిన్న రాళ్లు మ్రింగును. తెగిపోయి నీటి యడుగున పడిన సీసపు గుండును రాయియని మ్రింగవచ్చును. గాలము తగిలియున్న చేపతోబాటుగను మ్రింగవచ్చును. కందనకాయలో రాళ్లు నూరగా పైరంగు అరగిపోవును, లోపలి సీసము రక్తమున కలియును. ఒక్క గుండు చాలును, లూను ప్రాణము పోవుటకు. న్యూహాంప్‌షైరు రాష్ట్రమువారు ఈ కారణముచేతనే ఔన్సునకు మించని సీసపు గుండ్లను, జిగ్గులను మంచినీటి వేటలో వాడుటను, అమ్ముటను 2016 నుండి నిషేధించిరి. “ఈ సంగతులు నేను ఎరుగుదును. రంగు వేసితిని గదా యని మనస్సును సమాధానపరచుకొంటిని” అని ఆయన మెల్లగా పలికెను.

ఆ వారమే ఆయన సీసము మానివేసెను. సీసమునకు బదులుగా బిస్మత్తు, తగరము కలిపిన మిశ్రమము తెప్పించి, పాత అచ్చులలోనే పోసి, ఎప్పటివలె రంగు వేసి కాల్చుటకు పెట్టెను. ఇరువది నిమిషములకు తలుపు తీసిచూడగా తీగపై ఖాళీ కొక్కెములు వ్రేలాడుచుండెను. అడుగున రంగురంగుల లోహపు మడుగు! బిస్మత్తు 271 డిగ్రీలకు, తగరము 232 డిగ్రీలకు కరగును. కాని రెండింటిని తగుపాళ్లలో కలిపినచో ఆ మిశ్రమము 138 డిగ్రీలకే కరగును. రంగు గట్టిపడుటకో, 177 డిగ్రీలు కావలెను. రంగునకు కావలసిన వేడిని లోహము సహింపదు. చివరకు వట్టి తగరమే శరణ్యమైనది. ఘనసెంటీమీటరు సీసము 11.3 గ్రాములు తూగగా తగరము 7.3 గ్రాములే తూగును. కావున అదే అచ్చులో పోసిన గుండు తేలికయై, లోతునకు మెల్లగా దిగును. మంటకు బదులు వేడిగాలి గొట్టము వాడి, గుండు కరగకుండ జాగ్రత్తపడవలసివచ్చెను. ఇంట వంటకు వాడు పొయ్యిలో వీనిని కాల్పరాదు. ఆయన కొట్టములో దానికొక పాత విద్యుత్పొయ్యి వేరుగా నుండెను. పెద్దలు దగ్గర లేనిదే ఇట్టి పనులకు మీరును పూనుకొనకుడు.

మిగిలిన సీసపు గుండ్లనన్నిటిని, నా మనుమని పండ్రెండు గురివిందలతో గూడ, డబ్బాలో మూతపెట్టి, అపాయకరమైన చెత్తను స్వీకరించు కేంద్రమున అప్పగించివచ్చిరి. వాడు అడ్డుచెప్పలేదు, ఒక్కమారు మూత తెరచి చూచుకొనెను, అంతే.

ఏప్రిలు కడపట మంచు కరగుచుండగా నేను స్వదేశమునకు మరలితిని. ఆషాఢములో మనుమనియొద్దనుండి ఉత్తరము వచ్చినది. తగరపు గుండు తేలికయైనందున వాలై చేప ముందుకన్న మెల్లగా దిగుచున్న దానిని వెంబడించుచున్నదని, పుస్తకమున నలువది యేడవ చేప నమోదైనదని వ్రాసి, చివర నొక ప్రశ్న అడిగెను: “తాతగారూ, మన గోదావరి నీటికి ఏ రంగు వేయవలెను?”

అప్పటికి నదికి క్రొత్తనీరు వచ్చియున్నది. సెక్కి పళ్లెమునకు బదులుగా వంటింటి పళ్లెమును త్రాడు కట్టి రేవులో దింపితిని. జానెడు దిగకముందే కనుమరుగయ్యెను. ఆ యెర్రనీటిలో కొట్టుకొనివచ్చు ఒండ్రు వెలుతురును లోపలికి పోనీయదు. గట్టున గాలము వేసికొని కూర్చున్న యొక ముసలి జాలరిని రంగు మాట అడిగితిని. అతడు నన్ను ఎగాదిగా చూచి, “ఈ నీటిలో చేపకు కన్నెందుకండీ పంతులుగారూ! వాలుగ మీసాలతో తడుముకొని వస్తది, వాసన పట్టి వస్తది” అని, కొక్కెమునకు క్రొత్త వానపామును గ్రుచ్చెను. ఆ మాటనే నా మనుమనికి వ్రాసి పంపితిని. వరద తీసి, కార్తికమున నీరు తేరినపిమ్మట పళ్లెము నెంత లోతున కనబడునో చూచి వ్రాయుమని వాడు మరల ఉత్తరము వ్రాసినాడు.